నాన్న డైరీలో ‘లాకరు – 7’

ఎల్‌ఐసీ వాళ్లిచ్చిన పాత డైరీ అది. 2022 ఉగాది పేజీలో పాల లెక్క కింద నాన్న చేతిరాతతో ‘లాకరు – 7’ అని ఉంది. ఏడు అంటే ఏడు లక్షలని చూడగానే అందరికీ అర్థమైంది. ఆయన రాత మాకు తెలుసు, లక్షల్ని ఎప్పుడూ సున్నాలు లేకుండానే రాసుకునేవారు.

నాన్న 2024 జనవరిలో పోయారు. తెనాలిలో నేనే దగ్గర్లో ఉంటాను కాబట్టి లాకరు నాన్న పేరు, నా పేరు కలిపి ఉంది. ఇద్దరిలో ఎవరైనా తెరవచ్చు, ఒకరు పోతే రెండోవారు తెరవచ్చు. తమ్ముడిది బెంగళూరు. డెత్ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఫిబ్రవరిలో అందరం కలిసే బ్యాంకుకు వెళ్లాం. వస్తువులు తీసే ముందు జాబితా రాయాలి, సాక్షులుగా బయటివాళ్లు ఇద్దరు ఉండాలి అన్నారు. పక్కింటి మాస్టారు, ఆయన బావమరిది వచ్చారు. ఆ జాబితానే తర్వాత నన్ను సగం కాపాడింది.

అమ్మ కాసులపేరు, గాజులు, ఇంటి దస్తావేజులు, ఒక బట్టల షాపు సంచి. సంచిలో అన్నీ ఐదొందల కట్టలే. లెక్కపెడితే 2 లక్షల 40 వేలు. తమ్ముడు రెండోసారి లెక్కపెట్టాడు. మరదలు మూడోసారి.

బ్యాంకులో ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునే లోపు మొదలైంది. “ఆ లాకరు తెరిచేది నాన్న, నువ్వు. ఇంకెవరున్నారక్కా?”

అంతకు ముందు నవంబరులో మా ఆడపడుచు కూతురి పెళ్లికని నా హారం తెచ్చుకోవడానికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆ సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు, చెప్పాలని తోచలేదు కూడా. రిజిస్టరులో అది బయటపడేసరికి దాచినట్టయింది. లోపలికి 11.20, బయటికి 11.35, పక్కన నా సంతకం. “హారం తీసుకోడానికి పదిహేను నిమిషాలా?” అని మరదలు అడిగింది. నాన్న ఆ హారాన్ని గుడ్డలో చుట్టి పురికొసతో ముడి మీద ముడి వేశారు. ఆ ముళ్లు విప్పడానికే గోళ్లు అరిగాయి. డబ్బు సంచి అక్కడే ఉంది, నేను ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో కూడా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది!

సీసీ కెమెరా ఉంది కదా, తేలిపోతుంది అనుకున్నాను. రిజర్వు బ్యాంకు రూల్ ప్రకారం లాకరు గదిలోకి వచ్చిపోయేవాళ్ల ఫుటేజీని కనీసం 180 రోజులు ఉంచాలి. నవంబరు దృశ్యాలు చెరిపేయకుండా ఉంచమని కాగితం రాసిచ్చి, రసీదు వేయించుకున్నాను. కానీ మేనేజరు నెమ్మదిగా ఒక మాట చెప్పారు. “కెమెరా గుమ్మం దగ్గరమ్మా. మీరు చేతిసంచితో వెళ్లారు, చేతిసంచితో వచ్చారు. అందులో హారం ఉందో, నాలుగు లక్షలున్నాయో అది చూడదు.” ఇంకో సంగతి కూడా చెప్పారు. నాన్న సంతకం పెట్టిన కొత్త అగ్రిమెంటులో లాకరులో నగదు పెట్టకూడదని స్పష్టంగా ఉందట. బ్యాంకు తప్పిదంవల్లో, దొంగతనంవల్లో సొత్తు పోతే ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బ్యాంకుకు బాధ్యత ఉంటుంది. పెట్టకూడని డబ్బు ఇంట్లోవాళ్ల మధ్య పోయిందంటే వాళ్లెందుకు పట్టించుకుంటారు?

మేనమామ పెద్దమనిషిగా వచ్చి కూర్చున్నాడు. కాసేపు విని, “కాణిపాకం వెళ్లి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే సరిపోతుంది” అన్నాడు. నేను సరేనన్నాను. అమ్మే లేచి, “నా కూతురు ప్రమాణం చేయాల్సి వస్తే ముందు నేను ఈ ఇంట్లోంచి పోతాను” అంది. అక్కడితో ఆగింది. మామయ్య కాఫీ తాగకుండానే వెళ్లాడు.

అసలు దారి నాన్న ఫోనులో దొరికింది. దేవుడి గూట్లో పడున్న బటన్ల ఫోను. సన్నపిన్ను చార్జరు కోసం వీధంతా అడిగి తెచ్చి ఆన్ చేశాను. చదవని మెసేజీలు మూడొందల పైనే. లాకరు తెరిచిన ప్రతిసారీ అదే రోజు మెసేజీ రావాలి కదా అని ఒక్కొక్కటే కిందికి దిగుతూ పోయాను. నాది నవంబరులో ఉంది. దాని కింద ఇంకోటి, 2023 మే నెలాఖరుది. ఆ రోజు నేను గుంటూరులో ఉన్నాను. తెరిచింది నాన్నే.

2023 మే 19న రెండు వేల నోట్లు ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు. మే నెలాఖరంటే అది జరిగిన వారానికే. తమ్ముడికి ఫోన్ చేయకుండా ముందు అమ్మ పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకు పరిగెత్తాను. ఏడాదిగా ఎవరూ ఎంట్రీలు వేయించలేదు. మిషను గరగరమంటూ వరస కొట్టింది. అదే తేదీన నగదు జమ 4,00,000. మూడు రోజుల తర్వాత అది సీనియర్ సిటిజన్ స్కీములోకి మారింది. అక్టోబరులో వడ్డీ 8,200, జనవరిలో 8,200. అమ్మను అడిగితే, “ఏదో సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఎందుకని ఆయన్ని ఎప్పుడడిగాను?” అంది.

తమ్ముడికి పాస్‌బుక్కు ఫొటో పంపాను. రెండు గంటల తర్వాత ‘ఓకే అక్కా’ అని వచ్చింది.

ఆ 2 లక్షల 40 వేలు ముగ్గురం తలా 80 వేలు పంచుకున్నాం. లాకరులో నా పేరున్నంత మాత్రాన డబ్బు నాదైపోదు, వీలునామా లేదు కాబట్టి అమ్మకూ నాకూ తమ్ముడికీ సమానమే. లాకరు సరెండర్ చేసేశాను.

మరి ఏడు లక్షలకు ఇంకా 60 వేలు తేలాలి. నాన్నే ఖర్చుపెట్టుకుని ఉండొచ్చు, ఎవరికైనా చేబదులు ఇచ్చి ఉండొచ్చు. తమ్ముడి వాటా లెక్కేస్తే 20 వేలు. నేనిచ్చేస్తానన్నాను. ఇస్తే తీసినట్టే కదా అని మావారు గొడవ. తమ్ముడు మాత్రం “పోనీలే అక్కా, వదిలెయ్” అన్నాడు. ఆ ‘పోనీలే’కి అర్థం ఏమిటో అడుగుదామని మొన్న సంక్రాంతికి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. పిల్లలున్నారని ఊరుకున్నాను.