సిదిస్త్ కీలో నుంచి షాషమేనే దాకా

ఇథియోపియా చివరి చక్రవర్తి హైలే సెలాసీని దేవుడిగా కొలిచేవాళ్ళు రస్తాలు, జమైకాలో పుట్టిన మతం వాళ్ళది. అడిస్ అబాబాలో దిగిన రస్తా యాత్రికులు చాలామంది నేరుగా ఆయన సమాధికి వెళ్తారు. మేం ముందు అదే నగరంలోని సిదిస్త్ కీలోకి వెళ్ళాం. అక్కడి విశ్వవిద్యాలయం ఒకప్పుడు ఆయన రాజభవనం. మ్యూజియంలో ఆయన పడకగది, స్నానాలగది చూపిస్తారు. స్నానాలగది చూశాక దేవుడన్న మాట కాసేపు నోట రాదు. అందుకే యాత్ర అక్కడ మొదలుపెట్టడం మేలు.

తర్వాత ఆయన సమాధి ఉన్న హోలీ ట్రినిటీ కెథెడ్రల్. చెప్పులు బయట విడవాలి, మగవాళ్ళు టోపీ తీయాలి. లోపల ఆయనకూ భార్య మెనెన్ రాణికీ పక్కపక్కనే గ్రానైట్ సమాధులు. 1974 సెప్టెంబరు 12న సైన్యం ఆయన్ని దించేసింది, మరుసటి ఆగస్టులో మరణం. ఎముకలు 1992లో మరో ప్యాలెస్ నేల కింద దొరికాయి, 2000 నవంబరు 5న ఇక్కడికి చేరాయి. అవి ఆయనవి కావు, ఆయన చనిపోలేదు అనే రస్తాలు ఇప్పటికీ ఉన్నారు. అలా అనుకుంటే చావు లెక్క అక్కడికి తేలిపోతుంది, బతికినప్పుడు చేసిన పనుల లెక్క మాత్రం తేలదు.

రస్తాలు వచ్చి స్థిరపడ్డ ఊరు షాషమేనే, దక్షిణాన సుమారు 250 కిలోమీటర్లు. మన పంచాంగం ఘడియల్లాగే అక్కడి గంటలూ పొద్దు పొడుపు నుంచే లెక్క. ‘పొద్దున్న పన్నెండింటికి బస్సు’ అంటే మన ఆరు గంటలకు. తెలియక మధ్యాహ్నం వెళ్తే బస్సు ఎప్పుడో పోయి ఉంటుంది.

దారంతా మా మధ్య వొల్లో గొడవే. ఉత్తరాన ఉన్న ఆ రాష్ట్రంలో 1972-74 కరువులో చనిపోయినవాళ్ళు నలభై వేల నుంచి రెండు లక్షల దాకా అని అంచనాలు. ‘కింది అధికారులు ఆయనకు చెప్పలేదు’ అన్నది రస్తాల పాత సమాధానం. నాకది నిలవదనిపిస్తుంది. చక్రవర్తి పవిత్రుడు, ఆయన అధికారం తిరుగులేనిది అని 1955 రాజ్యాంగంలో రాయించుకున్నదీ ఆయనే. అలాంటి కొలువులో చెడ్డ కబురు మోసుకెళ్ళే ధైర్యం ఎవరికుంటుంది? అలాగని 1936లో జెనీవాలో నానాజాతి సమితి ముందు, ఇటలీ తన దేశంపై ప్రయోగించిన విషవాయువు గురించి ఒంటరిగా నిలబడి మాట్లాడినదీ, 1942లో బానిసత్వాన్ని చట్టంతో రద్దు చేసినదీ ఈయనే. సింహాసనం బైబిల్ రాజు దావీదు వంశానిది, కూర్చున్నవాడు మనిషి అని విడదీసుకున్న రస్తాలకు ఈ రెండూ ఒక చోట ఇముడుతాయి. తాను మర్త్యుణ్ణేనని ఆయనే 1967లో కెనడా రేడియోకి చెప్పాడు. అది వినయమని కొట్టేసేవాళ్ళతో వాదన సాగదు.

షాషమేనేలో 500 ఎకరాలు 1948లో ఆయన ఇచ్చిన కానుక. ఇథియోపియాకు అండగా నిలిచిన పడమటి దేశాల నల్లజాతివాళ్ళ కోసమని ఇచ్చాడు. 1975లో సైనిక ప్రభుత్వం భూములన్నీ జాతీయం చేయడంతో దాంట్లో చాలా భాగం పోయింది. అక్కడ రస్తాల్లో ఒక శాఖ అయిన నయబింగి వాళ్ళ మందిరంలో బాస్, ఫుండే, రిపీటర్ అని మూడు డ్రమ్ములు. ఫుండే గుండె చప్పుడులా ఒకే తీరుగా కొడుతుంది, రిపీటర్ దాని మీద ఆడుకుంటుంది. గంజాయి వాళ్ళకు ప్రసాదమే అయినా దేశ చట్టం ప్రకారం నేరం, కాబట్టి బయటివాళ్ళు వెంట తీసుకెళ్ళకూడదు.

వొల్లో మాట డ్రమ్ములు మోగుతుండగా ఎత్తకండి, మందిరం బయట పెద్దవాళ్ళను అడగండి. ఆ భూమి అంతకుముందు ఎవరిదన్నది మాత్రం పక్కనున్న స్థానిక ఒరోమో జాతివాళ్ళను అడగాలి. చక్రవర్తి పేరు వింటే వాళ్ళకు గుర్తొచ్చేది పంటలో సగం దాకా పట్టుకుపోయిన భూస్వామి.