బావ పెళ్లి మానుకుని బ్యాండ్ క్యాంప్‌కి పోయిన పిల్ల

మాది కందుకూరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని ప్రకాశంలోంచి తీసి నెల్లూరులో కలిపారు, మా అమ్మకి మాత్రం ఎప్పుడూ అది ఒంగోలు జిల్లానే. మేముండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. పాప టెన్త్‌కి వచ్చింది. అక్కడ టెన్త్ అంటే హైస్కూల్లో రెండో ఏడు, పబ్లిక్ పరీక్ష టెన్షన్ ఉండదు. ఆ టెన్షన్ లోటు మాలాంటి తల్లులం క్లబ్బులతో తీరుస్తాం.

పోయినేడు స్కూల్లో చేరిన కొత్తల్లో క్లబ్ ఫెయిర్ అని పెట్టారు. జిమ్‌లో బల్లలేసుకుని రోబోటిక్స్ వాళ్లు, డిబేట్ వాళ్లు, బిజినెస్ వైపు పోయేవాళ్లకి డెకా, డాక్టర్లు కావాలనుకునేవాళ్లకి హోసా, సేవా కార్యక్రమాలు చేసే కీ క్లబ్, ఆఖరికి ఊలు అల్లుకునే క్లబ్ కూడా, చాక్లెట్లు చేతిలో పెట్టి మరీ రమ్మంటన్నారు. నేను చదువుకున్న రెసిడెన్షియల్లో పొద్దున అయిదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. ఆటల పీరియడ్ టైమ్‌టేబుల్లో ఉండేది గానీ గ్రౌండ్‌లో ఉండేది కాదు. ఇన్ని బల్లలు ఒక్కసారి చూసేసరికి పెళ్లి భోజనానికి ఆకలితో పోయినట్టయింది, అన్నీ వడ్డించుకోవాలనిపించింది. పాపకి కాదు, నాకు.

మా వాట్సాప్ గ్రూపులో అంతా అదే గోల. మీ వాడు ఏ క్లబ్‌లో ఆఫీసరు, మా అమ్మాయి ఫలానా దానికి ట్రెజరర్, వాళ్లు సొంతంగా నాన్ ప్రాఫిట్ పెట్టించారంట. కాలేజీలకి అప్లై చేసే కామన్ యాప్‌లో ఈ యాక్టివిటీస్ రాసుకోడానికి పదే పది గళ్లుంటాయి, ఒక్కోదాంట్లో ఏం చేశావో చెప్పడానికి స్పేసులతో కలిపి 150 అక్షరాలు. నాలుగేళ్ల సాయంత్రాలు ఆ గళ్లల్లో పట్టాలి. స్టడీ అవర్ తప్పించుకుని ఇంత దూరమొచ్చి, పిల్లలకి దాన్నే క్లబ్బుల పేరుతో పెట్టుకున్నామని నాకూ తెలుసు, అయినా డిబేట్‌లో చేర్పించా. మూడు వారాలు పోయి మానేసింది.

తను ఉండిపోయింది మార్చింగ్ బ్యాండ్‌లో. క్లారినెట్. ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో గ్రౌండ్ మీద నడుస్తా, వరసలు మార్చి బొమ్మలు కడతా వాయించాలి. ఎండకి చెక్కది పగులుద్దని నడిచేటప్పుడు ప్లాస్టిక్‌ది, హాల్లో చెక్కది. టెక్సాస్‌లో దీనికి రూళ్లు గట్టిగానే ఉంటాయి. బడి టైమ్ కాకుండా వారానికి ఎనిమిది గంటలకి మించి ప్రాక్టీస్ పెట్టకూడదు, సబ్జెక్టులో నూటికి 70 రాకపోతే కనీసం మూడు వారాలు పోటీలకి పోనివ్వరు. నో పాస్ నో ప్లే అంటారు, 1984లో చట్టమే చేశారు, ఈ బ్యాండ్ మొత్తంలో నాకు నచ్చింది అదొక్కటే. కానీ బడి తెరవకముందు ఆ ఎనిమిది గంటల లెక్క ఉండదు. అందుకని ఆగస్టు మొదట్లోనే పొద్దున్నుంచి క్యాంప్.

మా అన్న కొడుకు పెళ్లి సరిగ్గా ఆ వారంలో పెట్టారు.

జూన్‌లో ఊరికి పోయినప్పుడే సంగతి బయటపడింది. మా అమ్మకి ముందు బ్యాండ్ అంటేనే అర్థం కాలా. "పెళ్లిళ్లల్లో వాయించే మేళమా? దానికోసం పిల్లని అంత దూరం తీసకపోవాలా, మన బజార్లో లేదా?" అనింది. మా వదిన ఇంకోరకం, "బావ పెళ్లికి మరదలు లేకపోతే ఎట్టా వదినా, చెప్పులు ఎవరు దాస్తారు?" అని నవ్వతానే గుచ్చింది. పాప ఒకటే మాట, "నేను లేకపోతే లైన్‌లో నా చోటు ఖాళీగా కనబడుద్ది అమ్మా, వేరేవాళ్లు నిలబడరు." పెళ్లిలో మాత్రం కనబడదా అన్నా. దానికి ఏం చెప్పలేదు.

ఆ జూన్‌లోనే ఒకరోజు రాత్రి పక్కబజారోళ్ల పెళ్లి ఊరేగింపు మా ఇంటి ముందు ఆగింది, కరెంటు తీగలు అడ్డమొచ్చి వ్యాన్ కదల్లేదు. మేళమోళ్లకి మా అన్న సోడాలు తెప్పించాడు. చూస్తే పాప అరుగు మీద క్లారినెట్టు పెద్దాయన పక్కన కూర్చోనుంది. రీడు, అంటే ఊదే చోట పెట్టే సన్నటి పలక, దాన్ని పట్టి ఉంచే క్లిప్పు లేదు, దారం చుట్టుకున్నాడు, రీడు కొస పెట్లిపోయి ఉంది. "పేపర్ లేకుండా ఎట్టా వాయిస్తారు?" అని దాని వచ్చీరాని తెలుగులో అడిగితే, "పేపరేంది పాపా, చెవితో పట్టుకునేదే" అని ఒక స్వరం పలికించి అట్టా కిందకి జార్చాడు. పాప మళ్లీ మళ్లీ అడిగింది, వేళ్లు దగ్గరగా వంగి చూసింది. లోపలికి పోయి తన డబ్బాలోంచి రెండు రీడ్లు తెచ్చి ఇచ్చింది. పది ఉండే డబ్బా ముప్పై డాలర్ల పైనే, నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

లోపల మా పెద్దమ్మ గొణుగుతా ఉంది, వాళ్ల పక్కన అట్టా కూర్చుందేంది అని. ఎందుకంటందో ఊళ్లో పుట్టినోళ్లకి చెప్పక్కర్లా. నాకు కోపమొచ్చింది, కానీ పాప ఆయన పక్కన కూర్చోగానే ఎవరన్నా చూస్తన్నారా అని నేను కూడా ఒకసారి బజారు వైపు చూశా, అది కాదనలేను. తర్వాత పాప "అమ్మమ్మ వాళ్లు ఏమంటన్నారు?" అంటే "గమ్మున పడుకో" అన్నా.

జులై ఆఖర్లో పాప వాళ్ల నాన్నతో వెళ్లిపోయింది. నేను మేనత్తని, ఆగక తప్పదు. పోయేముందు మామయ్యకి ఒకటే చెప్పింది, మేళానికి ఆ క్లారినెట్టు పెద్దాయన్నే పిలవమని.

ఊరేగింపు బయల్దేరేసరికి రాత్రి ఎనిమిదయింది, అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. వీడియో కాల్ చేస్తే బ్రేక్‌లో ఉంది, పార్కింగ్ లాట్‌లో చెట్టు కింద కూర్చోని మొహమంతా ఎర్రగా, పక్కన గాలన్ నీళ్ల క్యాన్. ఇంకో నలుగురు పిల్లలు ఫోన్‌లోకి తలకాయలు దూర్చారు. నేను ఫోన్ పైకెత్తి డప్పుల మధ్యలోంచి తోసుకుంటా పోయి పెద్దాయన ముందు పెట్టా. పట్టుచీర చెమటకి ఒంటికి అంటుకుపోయింది, పెళ్లికొడుకు బండి వెనకాలే ఉండిపోయింది, మా వదిన పిలుస్తానే ఉంది.

"కొత్త రీడేనా?" అని అరిచింది పాప.

ఆయన వాయించడం ఆపి మూతి దగ్గర చూపించాడు. దారం పాతదే, రీడు కొత్తది. "మెత్తగా ఉందమ్మా, గాలికి ఆగడంలా. ఇంకాస్త గట్టిది పంపించు!"

"మూడో నంబరా?" అంటంది అది, ఇంతలో వెనకనించి డప్పులు అందుకున్నాయి.