వదిన అడిగిన ప్రశ్న

ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న నన్ను చూడ్డానికి మధ్యాహ్నం వదిన వచ్చి వెళ్ళింది. బత్తాయిలు తెచ్చింది, మందు వల్ల నా గోళ్ళ పక్కన పట్టిన చీము చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ, చెప్పులేసుకుంటూ, గొంతు తగ్గించి అడిగింది: "అన్నయ్యగారు ఇంట్లో సిగరెట్లు గానీ కాల్చేవారా?"

మా ఆయన పక్కగదిలోనే నా మందులు సర్దుతున్నారు. విన్నారో లేదో తెలీదు. రాత్రి అన్నం మాత్రం సగంలో లేచిపోయారు.

ఆయన జన్మలో సిగరెట్టు ముట్టలేదు. నేనూ లేదు. నా గడ్డలో ఉన్నది ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు. పొగ తాగని ఆసియా ఆడవాళ్ళలో ఎక్కువగా బయటపడేది అదేనట. అందుకే నాకు కీమో కాకుండా రోజూ 80 మిల్లీగ్రాముల ఆసిమెర్టినిబ్ మాత్ర. 2024 బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం ఎత్తేసిన మూడు క్యాన్సర్ మందుల్లో ఇదొకటని చిన్నాడు ఆ రోజు గంతులేశాడు. ఇదంతా గుమ్మంలో నిలబెట్టి వదినకి చెప్పాలా? మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు ఓపిక లేదు.

అసలు నా దగ్గుకి టీబీ మందులు నెలల తరబడి మింగించిన డాక్టరు కూడా ముందు అడిగింది సిగరెట్ల గురించే. లేదనగానే క్యాన్సర్ మాట ఆయన మనసులోంచే పోయింది. బయాప్సీ దాకా వచ్చేసరికి ఊపిరితిత్తి చుట్టూ నీరు పట్టేసింది. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండేది అందుకే.

పైగా అడిగింది ఎవరు? మా నాన్నదీ వాళ్ళ నాన్నదీ పొగాకు వ్యవసాయమే. టంగుటూరు వేలానికి బేళ్ళు ఒకే లారీలో వెళ్ళేవి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ వెలిగిస్తే దాదాపు వారం మంట ఆరకూడదు. ఆకు గుచ్చిన చేతికి పసరు నల్లగా అంటుకుని, ఎంత కడిగినా అన్నం ముద్ద చేదుగా ఉండేది. మా రెండిళ్ళ పెళ్ళిళ్ళూ ఆ డబ్బుతోనే.

ఇంత రాశాక నాకే ఒకటి అడ్డం పడుతోంది. మేం కాల్చలేదు, కాల్చలేదు అంటున్నాను సరే. కాల్చినవాళ్ళ మాటేమిటి?

ఆసుపత్రిలో పరిచయమైన లారీ బాబాయి గుర్తొచ్చాడు. క్యాన్సర్ ఒంట్లో ఎక్కడెక్కడుందో చూసే నా మొదటి పెట్ స్కాన్ రోజు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, మా ఆయన్ని లోపలికి రానివ్వలేదు, కాళ్ళు వణుకుతున్నాయి. పక్క కుర్చీలో పెద్దాయన నా వైపు తిరిగి, "మొదటిసారా తల్లీ?" అన్నాడు. లోపల చలిగా ఉంటది, ముందే దుప్పటి అడుగు. సూది వేశాక గంటసేపు ఒక్కదానివే పడుకోవాల, మాట్లాడనివ్వరు, ఫోను చూడనివ్వరు. మీ ఊళ్ళో బస్సు దిగిన కాడ నుంచి మీ ఇంటిదాకా దారిలో ఎవరెవరి ఇళ్ళున్నాయో వరసగా తలుచుకో, గంట తెలీదు. ఇలా చెప్పాడు. అలాగే చేశాను. రామాలయం దాటి మా వీధి మలుపు తిరిగేసరికి నర్సు పిలిచింది. డాక్టర్లు, చుట్టాలు ధైర్యంగా ఉండమన్నారు గానీ, ఎలా ఉండాలో చెప్పింది ఆయనొక్కడే.

బయటికొచ్చాక నా గోడు వెళ్ళబోసుకున్నాను, కాల్చకుండానే వచ్చిందని. అంతా విని, "నేను చిన్నప్పట్నుంచీ బీడీలు కాల్చినోణ్ణి. నన్నెవరూ ఏమీ అడగరమ్మా. చూడ్డానికి కూడా రారు" అన్నాడు.

మా ఆయన్ని అనుమానించిందన్న కోపంతో రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు, ఆయన నిజంగానే కాల్చి ఉంటే మాత్రం ఏం? నేనే కాల్చి ఉంటే మాత్రం? వదిన బత్తాయిలు తెచ్చేది కాదా? తెచ్చేదే అనుకుంటా. అడగడం మాత్రం మానదు.

మంగళవారం బాబాయికి కీమో, నాకు రివ్యూ. ఆయనకి నోట్లో పుళ్ళట, కారం తగలకూడదట. పెరుగన్నం మెత్తగా కలిపి పట్టుకెళ్దామనుకుంటున్నాను. సోమవారం పాల ప్యాకెట్ ఇంకోటి తెమ్మని ఈయనకి చెప్పాలి.