రేవు దాకా వెళ్లి ఆగిపోయిన పిల్ల

"పిరికిది, అంతే" అంది ఒక అమ్మాయి. నాకు చురుక్కుమంది.

సాయంత్రం చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ కథ 'ఎవెలిన్' గురించి మాట్లాడుకుంటున్నాం. చుట్టూ పోటీ పరీక్షల పుస్తకాలతో కూర్చున్నవాళ్లలో చాలామంది ఊరు వదిలి వచ్చినవాళ్లే. ఎవెలిన్ పిరికిదని ఆ అమ్మాయికి అనిపించడం సహజమే.

కానీ ఎవెలిన్‌కు పందొమ్మిదేళ్లు. తల్లి లేదు. తండ్రి కొడతాడేమోనన్న భయం. వారానికి వచ్చే ఏడు షిల్లింగులూ అతని చేతిలో పోయాలి. అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్ తీసుకెళ్తానని ప్రియుడు, నావికుడు ఫ్రాంక్ పిలుస్తున్నాడు. తీరా ఓడ ఎక్కే వేళకు రెండు చేతులా ఇనుప కమ్మీ పట్టుకుని ఉండిపోతుంది. అతన్ని గుర్తుపట్టిన ఛాయ కూడా ఆ కళ్లలో కనిపించదు.

ఎన్నిసార్లు చదివినా నేను కథ మొదట్లోనే ఆగిపోతాను. కిటికీ కర్టెన్ నుంచి దుమ్ము వాసన. ఏళ్ల తరబడి వారం వారం తనే దులిపిన సామాను. ఇంటిని చెదిరిపోనివ్వనని తల్లికి ఇచ్చిన మాట. మన ఇళ్లలో పెద్ద కూతురి దగ్గర ఆ మాట ఎవరూ అడిగి తీసుకోరు, పుట్టగానే నెత్తిన పెట్టేస్తారు.

ఈ కథ 1904 సెప్టెంబరులో అచ్చయింది. మరుసటి నెలలోనే, 22 ఏళ్ల జాయిస్ ప్రియురాలు నోరాతో కలిసి సొంత ఊరు డబ్లిన్ వదిలి వెళ్లిపోయాడు. తను వెళ్లగలిగి కూడా, వెళ్లలేనిదాన్ని ఒక్క మాట అనలేదు. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఫ్రాంక్‌ను నమ్మవచ్చా అని చాలామంది అడుగుతారు. అతను ఎంత మంచివాడైనా ఎవెలిన్ ఆ ఓడ ఎక్కేది కాదనే నాకు అనిపిస్తుంది.