ఒక్క ఊపిరిలో పరలోక ప్రార్థన

2022 ఆగస్టులో ఒక ఆదివారం. ఆరాధన అయ్యాక గుడి బయట చెప్పులు వేసుకుని గేటు దాకా నడిచాను. వెనకనుంచి మా అమ్మ, "అమ్మాయ్, నీ చెప్పు ఇక్కడే ఉండిపోయింది" అంది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. అది ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు.

అంతకు పది రోజుల ముందు విరేచనాలు పట్టుకుని నాలుగు రోజులకు తగ్గాయి. శుక్రవారం నుంచి అరికాళ్లలో తిమ్మిరి. సోమవారం స్కూలుకి వెళ్దామంటే బస్సు మెట్టు మీదికి కాలు లేవలేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక డాక్టరుకి చూపిస్తే, ఈ వయసులో ఆడవాళ్లకు బలహీనత మామూలేనని, టెన్షన్ తగ్గించుకోమని చెప్పి బీ కాంప్లెక్స్ ఇంజక్షన్ ఇచ్చి పంపారు. నేను నమ్మాను. అమ్మ నమ్మలేదు.

ఆ రాత్రి నన్ను మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోమంది. మోకాలి చిప్ప కింద అరచేతి అంచుతో టక్కున కొట్టింది. కాలు ఎగరలేదు. రెండో కాలు కొట్టింది. అదీ అంతే. కళ్లద్దాలు సవరించుకుని ఇంకోసారి కొట్టి చూసింది. "పోలియో పిల్లల కాళ్లు ఇలాగే ఉండేవి. నీది పోలియో కాదులే, కానీ నరాలదే. తెల్లారేదాకా ఆగొద్దు" అని మా ఆయన్ని లేపి, "బాబూ, కారు పిలువు" అంది. అప్పటికి ఆమెకు ఎనభై మూడేళ్లు.

అమ్మ నర్సు. 1939లో రేపల్లె దగ్గర పల్లెలో, కూలి చేసుకు బతికే ఇంట్లో పుట్టింది. మిషను బోర్డింగులో చదువుకుని గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు అయింది. అమెరికానుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల కోసం తెరిచిన ఆసుపత్రి అది. కుగ్లర్ దొరసానిని అమ్మ చూడలేదు, ఆమె 1930లోనే పోయారు. అయినా సొంత మేనత్త గురించి చెప్పినట్టు చెప్పేది. నాన్న 1981లో చనిపోతే ముగ్గురు పిల్లల్ని నైట్ డ్యూటీల మీదే పెంచింది. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లో అక్కడి క్యాంపులో సెలైన్లు పెట్టిన సంగతి మాత్రం ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మొదలుపెట్టి ఆపేసేది.

ఆ రాత్రి చేరిన ఆసుపత్రిలో న్యూరాలజిస్టు జబ్బు పేరు చెప్పారు, గిలాన్ బారే సిండ్రోమ్. ఒంట్లోకి వచ్చిన క్రిమితో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి మన నరాల మీదే పడుతుంది. చాలామందిలో ముందు విరేచనాలో జలుబో వచ్చి తగ్గిన రోజుల్లోనే ఇది మొదలవుతుందట. ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాలదాకా వస్తే వెంటిలేటరు పెట్టాలి.

బుధవారానికి చేతులు కూడా పోయాయి. దువ్వెన పట్టుకోలేను, గ్లాసు ఎత్తలేను. రాత్రిళ్లు తొడల్లో, నడుములో ఎవరో నరాలు మెలిపెడుతున్నట్టు నొప్పి. ఇమ్యునోగ్లోబ్యులిన్ అని, దానం చేసిన రక్తం నుంచి తీసిన మందు, నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. కిలో బరువుకు రోజుకి 0.4 గ్రాముల లెక్కన నాకు రోజుకి ఐదు గ్రాముల సీసాలు ఐదు, అలా ఐదు రోజులు. ఒక్కో సీసా ఖరీదు విని మా అబ్బాయి బయటికి వెళ్లి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. మా ఆయన బంగారం సంగతి అడిగితే, బీరువా తాళం ఎక్కడుందో చెప్పాను.

ఊపిరి ఎలా ఉందో చూడ్డానికి డాక్టర్లు గట్టిగా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. మొదటి రోజు ముప్పై దాటాను. రెండో రోజు ఇరవై నాలుగు. మూడో రోజు పందొమ్మిది దగ్గర ఆగిపోతే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అంకెలంటేనే భయం పట్టుకుంది. ఇరవై వస్తుందంటే చాలు, గొంతు ముందే బిగుసుకుపోయేది.

అమ్మ నర్సుల్ని బతిమాలి లోపలికి వచ్చింది. "అంకెలు వాళ్లకి చెప్పు. నాకు పరలోక ప్రార్థన చెప్పు. ఒక్క ఊపిరిలో ఎంతవరకు వస్తే అంతవరకు" అంది. చిన్నప్పుడు ఆమె ఒళ్లో కూర్చుని నేర్చుకున్న మాటలు. మొదలుపెట్టాను. 'రాజ్యము' దగ్గర గాలి అయిపోయింది. "చాల్లే, మిగతాది నేను చెప్తాను" అని తను పూర్తిచేసింది. సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి పెన్సిల్‌తో ఏదో రాసుకుంది. సాయంత్రం మళ్లీ వచ్చింది. మళ్లీ 'రాజ్యము' దాకా. మర్నాడు పొద్దున కూడా 'రాజ్యము'. అంతకంటే కిందికి మాత్రం దిగలేదు. నాలుగో రోజు రాత్రి 'అనుదినాహారము' చేరాను. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి, "వెంటిలేటరు అక్కర్లేదు" అంది, డాక్టరు ఆ మాట అనడానికి ముందే. మందు పనిచేసిందని నాకు తెలుసు. ఆ ఐదు రోజులూ నన్ను పట్టుకుని ఉన్నది ఏమిటో కూడా తెలుసు.

ఇరవై రెండో రోజున డిశ్చార్జి అయ్యాను, చక్రాల కుర్చీలో. నరం మళ్లీ పెరిగితే రోజుకి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ పెరుగుతుందని ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పాడు. నడుము నుంచి బొటనవేలు దాకా ఎన్ని మిల్లీమీటర్లో లెక్కేసుకుని ఆ రాత్రి ఏడ్చాను. అన్ని నరాలకీ ఆ లెక్క వర్తించదని, పైపొర మాత్రమే దెబ్బతింటే త్వరగా కోలుకుంటాయని తర్వాత తెలిసింది. నాది చాలావరకు అలాంటిదే.

ఇంటి దగ్గర అన్నీ అమ్మే. నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకునేది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడిగేముందు ఒక గుప్పెడు తీసి మూలనున్న డబ్బాలో వేసేది. దేవుడి బియ్యం. నెల తిరిగేసరికి డబ్బా నిండితే గుడికి పంపేది. నాకు తెలిసి ఆ గుప్పెడు ఒక్కపూట కూడా తప్పలేదు, నాన్న పోయిన వారం తప్ప. నా వేళ్లలో బలం రావడానికి ఆ పనిని నాకు అప్పజెప్పింది. మొదట్లో గింజలన్నీ వేళ్ల సందుల్లోంచి జారిపోయేవి. కింద పడినవి ఏరుకోమనేది, అదీ వ్యాయామమే అని. అక్టోబరు చివరికి నా గుప్పిట్లో బియ్యం నిలిచాయి. "అమ్మమ్మా, అమ్మ గుప్పెడు నీ గుప్పెడంత అయింది" అని మా అమ్మాయి అరిచింది.

డిసెంబరులో వాకరుతో వసారాలోకి. ఫిబ్రవరిలో గోడ పట్టుకుని గేటు దాకా. మిర్చి సీజను మొదలై గాలిలో ఘాటు తేలుతుంటే తుమ్ములొచ్చి తూలిపోయాను, అమ్మ నడుం పట్టుకుంది. ఎనభై నాలుగో ఏట ఆమె నన్ను ఆపింది. ఏప్రిల్ 9న, ఈస్టరునాడు, కర్ర పట్టుకుని గుడికి నడిచి వెళ్లాను. ఇప్పటికీ ఎడమ పాదం కొంచెం ఈడుస్తుంది, సాయంత్రానికి అలసట వస్తుంది. 2025 ఫిబ్రవరిలో మన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఈ జబ్బు కేసుల గురించి పేపర్లో చదివినప్పుడు చేతులు చల్లబడ్డాయి. కాళ్లు బరువెక్కి, ఆ బరువు రోజురోజుకీ పైకి వస్తుంటే బలహీనత అనుకుని ఇంట్లో కూర్చోకండి.

ఆ వార్త చదివేనాటికి అమ్మ లేదు. 2024 నవంబరులో, ఎనభై ఐదేళ్ల వయసులో, నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. సమాధుల తోట దాకా కర్ర లేకుండా నడిచాను.

బైబిలు సంచిలో ఆ నోటుపుస్తకం దొరికింది. తేదీ, టైము, నాడి, పక్కన ఒక మాట. 'రాజ్యము'. 'రాజ్యము'. 'రాజ్యము'. 'అనుదినాహారము'. ఐదు పేజీల తర్వాత 'గేటు దాకా. స్తోత్రం'. చివరి పేజీలో అమ్మ రోజూ ఎవరెవరి కోసం ప్రార్థన చేసేదో వాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. మేము ముగ్గురం, అల్లుడు, కోడళ్లు, ఐదుగురు మనవలు, న్యూరాలజిస్టు, ఫిజియోథెరపీ అబ్బాయి, ఐసీయూలో తనను లోపలికి రానిచ్చిన నర్సు. వాళ్ల కింద, నాది బలహీనతేనని పంపేసిన ఆ డాక్టరు పేరు. గారు అని కూడా రాసింది.

ఇప్పుడు ఆ పేజీ నేను చదువుతున్నాను, పొద్దున్నే, బియ్యం కడిగేముందు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆగుతాను. తర్వాత అదీ చదువుతాను.