షుగర్ ఉన్నవాళ్లకి విరిగిన ఎముక, షాక్ వేవ్ మీద ఆశ

షుగర్ ఉంటే విరిగిన ఎముక ఆలస్యంగా అతుక్కుంటుందని అందరూ అంటారు, ఎందుకని అడిగితే మాత్రం "షుగర్ కదండీ" అనేసి ఊరుకుంటారు. విరిగిన చోట ముందు మెత్తటి కార్టిలేజ్ (మృదులాస్థి) ఏర్పడి, తర్వాత అదే గట్టి ఎముకగా మారాలి. షుగర్ అదుపులో లేనప్పుడు వాపు తగ్గాల్సిన టైముకి తగ్గదు, ఆ కార్టిలేజ్ ఎముకగా మారకముందే అరిగిపోతుంది, ఎముక కట్టే కణాలు మందగిస్తాయి, సన్న రక్తనాళాలు అప్పటికే దెబ్బతిని ఉంటే రక్తమూ సరిగ్గా అందదు. టైప్ 2 వాళ్లలో ఇంకో తిరకాసు: స్కాన్‌లో ఎముక సాంద్రత బాగానే కనిపిస్తుంది, అయినా విరిగే ప్రమాదం ఎక్కువే.

ఇలా అతకడం ఆలస్యమయ్యే ఎముకకి వాడి చూస్తున్న షాక్ వేవ్ అంటే కరెంటు పెట్టడం కాదు, బలమైన శబ్ద తరంగం. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో కిడ్నీ రాళ్లు పగలగొట్టడానికి మొదటిసారి మనిషి మీద వాడారు, ఎముకల వైపు తర్వాత వచ్చింది. ఆ తాకిడికి కణాలు కదిలి, కొత్త రక్తనాళాలు మొలిపించే వీఈజీఎఫ్, ఎముకను పెంచే బీఎంపీ లాంటి ప్రోటీన్లను ఎక్కువగా విడుదల చేస్తాయి. షుగర్ దెబ్బకొట్టేది కూడా సరిగ్గా ఇక్కడే కాబట్టి ఆశ పుట్టడం సహజం. ఎలుకల మీద ఫలితాలు బాగున్నాయి కూడా. కానీ షుగర్ ఉన్న మనుషుల్లో ఎముక అతకడం గురించి గట్టి ఆధారాలు తక్కువ. 2017లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చిన షాక్ వేవ్ పరికరం షుగర్ వాళ్ల పాదాల పుండ్లకి, ఎముకకి కాదు. ఈ రెండూ కలిపేసి చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సిట్టింగ్‌లకి డబ్బు కట్టేముందు మెషీన్ ఏ రకమో అడగండి. ఫోకస్డ్ రకం లోపలున్న ఎముక దాకా వెళ్తుంది, రేడియల్ రకం బలమంతా చర్మం దగ్గరే ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ తగ్గిపోతుంది. మడమ నొప్పికి అది చాలు, తొడ ఎముకకి చాలదు. ఇంకా ముఖ్యం, అసలు ఎందుకు అతకలేదో ముందు తేలాలి. ఎముకకి బిగించిన ప్లేటు వదులైతే, ముక్కల మధ్య ఖాళీ ఎక్కువుంటే, లోపల ఇన్ఫెక్షన్ ఉంటే ఎన్ని సిట్టింగ్‌లు చేసినా టైమ్ వేస్ట్, అక్కడ సర్జన్‌తోనే పని. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) పదిలో పెట్టుకుని, సిగరెట్ మానకుండా మెషీన్‌ని నమ్ముకోవడమూ అంతే. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

పాదం ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి పెద్దగా లేకపోతే షాక్ వేవ్ ఆలోచన పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌కి చూపించండి, అది షార్కో పాదం (నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు) కావచ్చు, దాని మీద బరువు మోపకూడదు. నరాలు మొద్దుబారిన వాళ్లకి నొప్పి సరిగ్గా తెలియదు. అందుకే సిట్టింగ్ అయ్యాక "నొప్పి పోయింది, అతుక్కున్నట్టే" అని నడక మొదలుపెట్టొద్దు, ఎక్స్‌రేలోనో సీటీలోనో అతుకు కనిపించి, డాక్టర్ సరే అనేదాకా ఆగండి.