దేవరకొండ ఎర్రనేలలు: రాయిని బట్టి మట్టి

నల్గొండ జిల్లాలోని మా దేవరకొండ చుట్టుపక్కల ఏ రైతును అడిగినా తన భూమి గురించి ఒకటే మాట చెప్తాడు: "ఎర్ర చెల్క సార్." భూసార పరీక్ష కార్డు మీద ఏం రాసి ఉన్నా నోటి మాట మాత్రం అదే. వ్యవసాయ విస్తరణ పనిలో ఈ చెల్కలన్నీ తిరుగుతున్న మనిషిగా నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది. ఇక్కడి ఎర్రమట్టి అంతా ఒకటి కాదు. గ్రానైటు చివికి పుట్టిన ఎర్రమట్టి వేరు, ఇసుకరాయి చితికి పుట్టిన ఎర్రమట్టి వేరు. రంగు కలిసిందని రెండింటికీ ఒకే ఎరువు, ఒకే తడి, ఒకే పంట చెప్తున్నాం. దానివల్ల నష్టపోతున్నది ఇసుకరాయి నేలల మీద బతికేవాళ్లు. అందులో ఎక్కువ మంది గుట్టల అంచున ఉన్న తండాలవాళ్లే.

తేడా చూడాలంటే ముందు గుట్టలను చూడాలి. కొండమల్లేపల్లి వైపు, డిండి వైపు పోతే ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్రటి బండలు కనిపిస్తాయి. దేవరకొండ ఖిల్లా ఉన్న గుట్టలూ ఆ జాతివే. అది గ్రానైటు, దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. అదే చందంపేట దాటి చిత్రియాల వైపు, లేదా సాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టు వైపు పోతే గుట్టల తీరే మారిపోతుంది. తలలు చదునుగా, అంచులు నిలువుగా కోసినట్టు ఉంటాయి. కింద గ్రానైటే ఉంటుంది, దాని నెత్తిన పొరలు పొరలుగా ఇసుకరాయి పరుచుకుని ఉంటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని కడప బేసిన్‌లోని (పూర్వం ఇసుక, ఒండ్రు పేరుకున్న పెద్ద పల్లం) శ్రీశైలం క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడ్డ ఇసుకరాయి) అంటారు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాయి. నల్లమల అంచు పొడుగునా ఉన్నది ఇదే. కొన్ని పలకల మీద అలల గీతలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎన్నడో లోతు తక్కువ నీళ్ల కింద ఇసుక మీద పడ్డ గీతలవి. ఆ పలకను నిమిరిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

(లంబాపూర్, పెద్దగట్టు పేర్లు బయటివాళ్లకు యురేనియం వల్లే తెలుసు. ఆ ఖనిజం పేరుకున్నది కూడా ఈ రెండు రాళ్లు కలిసే గీత దగ్గరే. ఆ సంగతి రాయాలంటే ఇంకో పోస్టు కావాలి.)

ఇసుకరాయి అంతా మట్టిగా మారదు. రేణువులను సిలికా (పలుగురాయి పదార్థం) పట్టుకుని ఉన్న చోట అది ఉక్కులాగా ఉంటుంది. ఎన్ని వానలు పడ్డా దాని మీద బెత్తెడు మట్టి కూడా నిలవదు, తుప్పలు మొలుస్తాయి, అంతే. రేణువుల మధ్య ఇనుము, బంకమట్టి ఉన్న పొరలు, నడుమ నడుమ వచ్చే మెత్తటి షేల్ (బురద గట్టిపడి అయిన రాయి) పొరలు మాత్రం చివుకుతాయి. షేల్ నుంచి సన్నటి ఒండ్రు, బంక వస్తాయి, ఇసుకరాయి నుంచి ఇసుక వస్తుంది. వాన నీళ్లు రెండింటినీ కిందికి తెచ్చి గుట్ట పాదం దగ్గర కలుపుతాయి. మన ఎర్ర గరప నేలలు తయారైన తీరు ఇది. అందుకే గుట్ట మొదట్లో ఉన్న చేను, ఫర్లాంగు దూరంలో ఉన్న చేను ఒకేలా ఉండవు. ఎగువన గరుసు, మధ్యలో గరప, దిగువన వాగు పక్కకు వచ్చేసరికి నల్లగా బంకగా మారిపోతుంది.

ఎరుపు ఎక్కడిదంటే, ఇనుముది. ఇనుము గాలితో కలిసి హెమటైట్‌గా మారి ప్రతి ఇసుక రేణువు చుట్టూ సన్నటి పూతలా అంటుకుంటుంది. తడి ఎక్కువ రోజులు నిలిచే చోట అదే ఇనుము గోథైట్‌గా మారి పసుపు పచ్చగా కనిపిస్తుంది. చేనులో ఒక మూల పసుపు తిరిగిందంటే అక్కడ అడుగున నీళ్లు ఆగుతున్నాయని అర్థం. బత్తాయి మొక్కలు పెట్టేవాళ్లు ఈ మూలను వదిలేయాలి. బత్తాయి వేరు నీళ్లలో నానితే బతకదు.

రైతు వేదికలో మీటింగ్ పెట్టినప్పుడల్లా నేను రెండు సీసాలు తీసుకుపోతాను. ఒకదాంట్లో డిండి పక్క చెల్క మట్టి, ఇంకోదాంట్లో చదును గుట్టల కింది మట్టి, రెండూ మూడో వంతు వరకే. నీళ్లు పోసి, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి, మూత పెట్టి బాగా ఊపి పక్కన పెడతాను. ఇసుక నిమిషంలోనే అడుగుకు దిగిపోతుంది. ఒండ్రు దిగడానికి గంటలు పడుతుంది. బంక మరునాటికి కూడా నీళ్లలోనే తేలుతుంటుంది. మీటింగ్ అయ్యేసరికి ఇసుక పొర ఏ సీసాలో ఎంతుందో అందరికీ కనిపిస్తుంది. తర్వాత ఆ ఇసుకను కడిగి తెల్ల కాగితం మీద పోసి భూతద్దం ఇస్తాను. గ్రానైటు ఇసుకలో రేణువులు కోసుగా, మూలలు తేలి ఉంటాయి. గాజులా మెరిసే పలుగురాయి గింజల నడుమ గులాబీ రంగు మసక గింజలు కనిపిస్తాయి. ఆ గులాబీ గింజ ఫెల్డ్‌స్పార్, దాని కడుపులో పొటాష్ ఉంటుంది. ఇసుకరాయి మట్టిలో గులాబీ గింజ కనిపించడం అరుదు. అన్నీ పలుగురాయి గింజలే, అవి కూడా మూలలు అరిగి నున్నగా ఉంటాయి.

ఆ గింజలు అరిగిపోయినవి ఎందుకంటే, అవి ఒకసారి కొండల నుంచి కొట్టుకొచ్చి, నీళ్లలో దొర్లి, రాయిగా గట్టిపడి, మళ్లీ పొడి అయినవి. ఆ ప్రయాణంలో మెత్తటి ఖనిజాలన్నీ ముందే కరిగి పోయాయి. దేనికీ లొంగని పలుగురాయి మిగిలింది. పలుగురాయిలో పంటకు పనికొచ్చే పోషకం ఏమీ లేదు. గ్రానైటు చెల్కలో ఫెల్డ్‌స్పార్ ఏటా కొంచెం కరిగి పొటాష్ వదులుతుంది, కరగగా మిగిలింది బంకమట్టి అవుతుంది. "ఎర్ర చెల్కకు పొటాష్ అక్కర్లేదు" అనే మాట మా దగ్గర గట్టిగా పాతుకుపోయింది. గ్రానైటు నేలలో చాలా చోట్ల అది నిజం కూడా. ఇసుకరాయి నేలలో ఆ మాట నమ్మి కూర్చోవద్దు. పత్తి కాయ పట్టేటప్పుడు ముదురాకుల అంచులు పసుపెక్కి మాడినట్టు అవుతుంటే, పురుగు మందుల దుకాణానికి పోయే ముందు పొటాష్ సంగతి చూసుకోవాలి.

నీళ్ల లెక్క ఇంకా ముఖ్యం. మీటరు లోతు ఇసుక గరప నేల పైరుకు అందించగలిగే నీళ్లు 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. నల్లరేగడి దాదాపు దానికి రెట్టింపు దాచుకుంటుంది. జులైలో పత్తి మొక్క వేరు ఇంకా అడుగు లోతులోనే ఉంటుంది. అంటే దానికి అందేది 30 మిల్లీమీటర్లు. ఎండ కొడుతూ గాలి వీస్తుంటే రోజుకు 5 మిల్లీమీటర్లు పోతాయి. ఆరో రోజుకు ఖాళీ. వాన పడకుండా వారం గడిస్తే ఇసుకరాయి చేను వాడిపోవడానికి కారణం ఇదే, రైతు నిర్లక్ష్యం కాదు. పైగా చాలా చోట్ల రెండడుగుల లోపే రాయి తగులుతుంది. మీటరు లోతు మట్టి ఎక్కడిది?

ఒక తండాలో పెద్దావిడ నాతో అన్న మాట ఇక్కడ రాయాలి. "సారూ, యూరియా ఏసిన నాలుగు రోజులకు చేను పచ్చగైతది. పెద్ద వానొక్కటి కొట్టిందంటే మల్ల తెల్లవడ్తది. ఏసిందంతా యాడికి పోతున్నదో?" కిందికి పోతున్నదవ్వా అన్నాను. ఈ నేలలో బంక తక్కువ, కుళ్లిన ఆకు అలము తక్కువ. పోషకాన్ని పట్టి ఉంచే చేతులు అవే. సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువ ఉంటే పరీక్షలో "తక్కువ" అని వస్తుంది. మా గుట్టల కింది చేన్ల కార్డుల్లో నేను ఎక్కువగా చూసేది ఆ మాటే. అందుకే యూరియా ఒక్కసారి బస్తాడు వేయకుండా మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా, పదును ఉన్నప్పుడు వేయాలి. భాస్వరం కథ దీనికి తిరగబడింది. అది కిందికి పోదు, ఇనుముకు అంటుకుని కూర్చుంటుంది. దాన్ని దుక్కిలో వెదజల్లకుండా విత్తనం సాలు పక్కన పడేలా వేస్తే మొక్కకు కొంతైనా దక్కుతుంది.

ఇంకో గుణం విత్తేటప్పుడు ఏడిపిస్తుంది. గట్టి వాన పడి ఎండ కాస్తే పైమట్టి బిళ్ల కడుతుంది. సన్న రేణువులు ఇసుక సందుల్లో సర్దుకుని గట్టి పెచ్చుగా మారతాయి. సజ్జ, జొన్న లాంటి చిన్న గింజ దాన్ని పొడుచుకుని పైకి రాలేదు. ఆ పెచ్చు ఇంకా కొంచెం తడిగా ఉండగానే గుంటుక తేలికగా తిప్పాలి. పూర్తిగా ఎండనిస్తే పెళ్లలు లేచి మొలకతో సహా వస్తాయి.

మరి ఈ నేల పనికిరానిదా? ఎంత మాత్రం కాదు. దున్నడానికి సులువు, వాన వెలిసిన మరునాడే కాలు పెట్టొచ్చు, నీళ్లు నిలిచి వేరు కుళ్లదు. వేరుశనగకు ఇంతకంటే మంచి నేల మా దగ్గర లేదు. ఊడ (పూత తర్వాత కాయ కట్టడానికి భూమిలోకి దిగే కాడ) మెత్తగా దిగుతుంది, పీకితే కాయ భూమిలో తెగి మిగలదు, మట్టి అంటుకోకుండా శుభ్రంగా వస్తుంది. పూత, ఊడ దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే గింజ నిండుగా కడుతుంది. ఆముదం, కంది, సజ్జ, ఉలవ ఈ మట్టికి పాత చుట్టాలు. ఆముదం, కంది వేళ్లు రాతి పగుళ్లలోకి కూడా దిగి నీళ్లు వెతుక్కుంటాయి. రెండడుగులకు రాయి తగిలే చోట వానాధారంగా వట్టి పత్తి పెట్టడం నాకు మనస్కరించదు. పెట్టక తప్పదంటే నడుమ కంది సాళ్లైనా పెట్టమంటాను. పత్తి పోయినా కంది నిలబడుతుంది.

నేలను బాగు చేసే మార్గం మన పెద్దలకు తెలిసిందే. వేసవిలో గొర్ల మందను రాత్రిళ్లు చేన్లో ఆపించుకునేవాళ్లు. ఇప్పుడు కూడా ఆపించేవాళ్లున్నారు, ఆ చేను మూడేళ్లు తేడా చూపిస్తుంది. రెండోది చెరువు మట్టి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి తోలుకున్న రైతుల చేన్లను నేను ఇప్పటికీ గుర్తుపట్టగలను. ఇసుకరాయి నేలకు లేని బంకమట్టిని చెరువు ఇస్తుంది. తోలే ముందు ఆ మట్టిలో చౌడు ఉందేమో పరీక్ష చేయించాలి. మూడోది జనుము. తొలి వానకు చల్లి, పూతకు రాగానే కలియదున్నాలి. తేలిక నేలల్లో అది బాగా వస్తుంది.

యాసంగి పంట తీసి చేను ఖాళీ అయ్యాక మట్టి నమూనా తీయండి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల, ఇంగ్లీషు వి ఆకారంలో జానెడు గుంట తవ్వి, అంచు మట్టిని పైనుంచి కిందిదాకా గీరి, అన్నీ కలిపి, చివరికి అరకిలో మిగిలేదాకా ఎదురెదురు భాగాలు తీసేయండి. ఎరువు కుప్పలు పోసిన చోట, చెట్టు కింద, ఒడ్డు పక్కన తీయొద్దు. సంచిలో పేరు, సర్వే నంబరు, వేయబోయే పంట రాసిన చీటీతో పాటు ఆ చేనులోనే దొరికిన రాయి ముక్క ఒకటి వేసి పంపండి. మా క్లస్టర్‌లో (నేను చూసే ఊళ్లలో) అయితే నేనే చూసి అది ఏ రాయో చీటీ మీద రాస్తాను.